కాలరక్క

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఎవరి అసలు పేరుతోనూ ఎవరికీ పని పడేది కాదు. చొక్కాలో ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ళ పేరు. జేబులు కుట్టే ఆవిడ జేబు పిన్ని. కాజాలు తీసే అమ్మాయి కాజాల పిల్ల. గుండీలు కుట్టే ముసలావిడ గుండీల మామ్మ. తన పళ్ళు ఒక్కొక్కటే ఊడిపోతున్నా, తను కుట్టిన గుండీ ఊడిందన్న మాట మాత్రం ఎన్నడూ పడలేదని ఆవిడకు గొప్ప. మన కథలో మనిషి కాలర్లు కుట్టేది కాబట్టి కాలరక్క అయింది. సగం జీవితం ఆ పేరుతోనే నెట్టుకొచ్చింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఎడమపక్క నుంచి గుడ్డ ముక్కలు కట్టలు కట్టలుగా వచ్చి పడతాయి. రెండు ముక్కల మధ్య గట్టి గుడ్డ పెట్టి, అంచు వెంబడి కుట్టి, మూలలు కత్తిరించి, లోపలిది బయటికి తిరగేసి, పుల్లతో కొనలు పొడిచి, పైకుట్టు వేసి కుడిపక్కకు తోసెయ్యాలి. అక్కడితో ఆమె బాధ్యత తీరిపోయింది. ఆ కాలరు తర్వాత ఎవరి మెడకు చుట్టుకుందో, అతను పెళ్ళికి పోయాడో కోర్టుకు పోయాడో ఆమెకు తెలిసే దారి లేదు.

హాలు ఎంత పెద్దదంటే, ఈ గోడ దగ్గర నిలబడితే ఆ గోడ దగ్గరున్నది ఆడో మగో తెలిసేది కాదు. మిషన్ల హోరులో పక్కమనిషి తుమ్మినా వినబడదు. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ బల్లల దగ్గర చేరి, నాలుగు ముద్దలు మింగి, మళ్ళీ గంట కొట్టేలోపు మూతులు తుడుచుకుని వచ్చేవాళ్ళు. ఆ కాస్త వ్యవధిలోనే కొందరు పెళ్ళి సంబంధాలు కూడా కుదుర్చుకునేవాళ్ళు. కాలరక్క మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుని తినేది. ఎవరైనా పలకరిస్తే "ఆఁ" అనేది. ఇంకోసారి పలకరిస్తే "ఊఁ" అనేది. మూడోసారి పలకరించే ఓపిక ఆ పెద్ద దేశంలో ఎవరికీ ఉండేది కాదు.

పుట్టుకతోనే ఆమె అంత ముభావి ఏం కాదు. తల్లి పోయేనాటికి ఆమెకు నిండా ఇరవై లేవు, చెల్లెలు ఇంకా పలకా బలపం వయసులో ఉంది. చెల్లెల్ని పెంచడానికే ఫ్యాక్టరీలో చేరింది. ఆ పిల్లకు నోరు మూతపడేది కాదు. నిద్రలో కూడా ఎవరితోనో తగాదా పడేది. మూడో అంతస్తులో వాళ్ళదొకటే గది, కిటికీ తెరిస్తే ఎదుటి మేడ గోడ తప్ప ఏమీ కనబడదు. అయినా చెల్లెలు ఉన్నన్నాళ్ళు ఆ గది సంతలా ఉండేది. ఇద్దరి మాటలూ ఒక్కతే మాట్లాడేది కాబట్టి అక్కకు మాట్లాడే అవసరం పెద్దగా పడలేదు.

ఆ చెల్లెలు పెళ్ళీడుకొచ్చాక, ఇంజన్ల పని నేర్చుకోవడానికి ఓడరేవుకు వచ్చిన ఒక దీవి కుర్రాణ్ణి ఇష్టపడింది. ఎక్కడో నడిసముద్రంలో ఆవగింజంత దీవి అతనిది. పెళ్ళయ్యాక తన మాటలన్నీ మూట కట్టుకుని అతనితో ఓడెక్కేసింది. రేవు నుంచి తిరిగొచ్చిన రోజు కాలరక్క గది తాళం తీసి, లోపలికి పోయి, కూర్చోవడానికి చోటు తెలియనట్టు చాలాసేపు మధ్యలో నిలబడిపోయింది.

అప్పుడప్పుడు చెల్లెలి ఫోను వచ్చేది. ఫోనులో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు చక్కగా మోసం చేసుకునేవాళ్ళు.

"ఇరుగుపొరుగు బాగున్నారా అక్కా?"

"బంగారం లాంటి మనుషులే. నీకెలా ఉంది అక్కడ?"

"నాకేం అక్కా! పొద్దున లేస్తే సముద్రం, పడుకుంటే సముద్రం. ఎంత హాయో!"

కాలరక్కకు ఎదురు తలుపు వెనక ఎవరున్నారో కూడా తెలీదు. అక్కడి నుంచి రేడియో పాటలూ, ఎవరో నవ్విన చప్పుడూ వినబడేవి. అంతకుమించి ఆ తలుపుతో ఆమెకు పరిచయం లేదు.

ఒకనాడు ఫ్యాక్టరీకి కొత్త మిషను వచ్చింది. ఈ పక్క గుడ్డ పెడితే ఆ పక్క కాలరై ఊడిపడుతుంది. సూపర్‌వైజరు మంచివాడే. ఆమె దగ్గరికొచ్చి చెవిలో అరుస్తున్నట్టుగా, "నీ పనికి వంక లేదక్కా, కానీ దానికి ఆకలి లేదు, నడుం నొప్పి లేదు. మేమేం చెయ్యం?" అన్నాడు. ఆమె "ఆఁ" అంది. అతను ఇంకా ఏదో చెప్పబోతే "ఊఁ" అంది. ఆఖరి రోజున జేబు పిన్ని లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఏమో అనబోయింది కూడా. ఇంతలో గంట కొట్టారు.

సంగతి తెలిసి చెల్లెలు ఫోనులోనే ఎగిరి గంతేసింది. "మంచి పని అయిందక్కా! ఇక్కడికి వచ్చెయ్. నా ఇల్లు లేదూ? ఇక్కడ అందరికీ నీ గురించి చెప్పాను. నీకోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు."

ఆ ఆఖరి మాట మర్యాదకు అందనుకుని కాలరక్క పెట్టె సర్దుకుంది. రైలెక్కి, పెద్ద ఓడెక్కి, చిన్న ఓడకు మారి, చివరికి పడవలో దీవి చేరేసరికి లోపల పేగులన్నీ చోట్లు మార్చుకున్నాయి. రేవులో చూస్తే దీవి జనమంతా నిలబడి ఉన్నారు. అంతా అంటే అంతానే. తొట్టె పిల్లల నుంచి చేతికర్ర ముసలివాళ్ళ దాకా. ఒక్కొక్కరి చంకలో ఒక్కో గుడ్డ చుట్ట!

పళ్ళు కనబడేలా నవ్వుతూ ముందుకొచ్చినవాడు చెల్లెలి మొగుడు. పడవకు తాడు కట్టి, ఆమె పెట్టె భుజాన వేసుకున్నాడు. "దండాలు వదినా! మా దీవి ఎంత ఉంటుందంటారా, ఈ చివర టీ గ్లాసు పట్టుకుని బయలుదేరండి, ఆ చివరికి పోయేసరికి టీ ఇంకా కాలుతూనే ఉంటుంది."

వెనక నుంచి లావుపాటి ముసలావిడ తోసుకొచ్చింది. దీవి మొత్తానికి ఉన్న ఒక్క కొట్టూ ఆవిడదే. అందరూ కొట్టు పెద్దమ్మ అంటారు. "ఈవిడేనా? దేశం మొత్తానికి చొక్కాలు కుట్టింది ఈవిడేనా? నాకో రవిక, మా ఆయనకో చొక్కా. తొందరేం లేదు, రేపటికిస్తే చాలు" అంది.

కాలరక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు గర్వంతో వెలిగిపోతోంది.

ఇంటికెళ్ళి తలుపేసుకున్నాక అసలు మాట బయటపడింది.

"చొక్కాలు కుడతానని నువ్వేగా చెప్పావు?" అంది చెల్లెలు.

"చొక్కాల ఫ్యాక్టరీ అని చెప్పాను. నేను కుట్టేది కాలరు."

"మరి మిగతా చొక్కా?"

"మిగతాది వేరేవాళ్ళు కుడతారు. కత్తిరించేది ఒకళ్ళు, భుజాలు కలిపేది ఒకళ్ళు, చేతులు ఎక్కించేది ఒకళ్ళు..."

"ఒక్క చొక్కాకి ఎంతమంది?" మరిది నోరు తెరిచాడు.

"పాతిక ముప్ఫై మంది ఉంటారు."

అతను తొడ చరుచుకుని నవ్వాడు. "అంటే మా దీవిలో పెద్దవాళ్ళం అందరం కలిస్తే ఒక్క చొక్కా అవుతామన్నమాట!"

అతను నవ్వాడంటే నవ్వడూ మరి. ఆ దీవిలో పడవ నడిపేది అతనే, కరెంటు ఇంజను తిప్పేది అతనే, ఇళ్ళ కప్పులు వేసేది, క్షవరాలు చేసేది, అవసరమైతే పన్ను పీకేది కూడా అతనే. ఒక మనిషికి పని అంటే ఇరవై పనులని అతని లెక్క. ఒక పనిలో ఇరవయ్యో వంతు చేసే మనిషిని అతను మొదటిసారి చూస్తున్నాడు.

చెల్లెలికి మాత్రం నవ్వు రాలేదు. "ఈ మాట గుమ్మం దాటనివ్వకండి. నా పరువు పోతుంది. అక్కా, చూసి చూసి ఉంటావుగా, ఎలాగోలా కుట్టెయ్" అంది.

గంపెడు గుడ్డలు ముందేసుకుని కాలరక్క కుక్కిన పేనులా కూర్చుంది. మొదట బడి మాస్టారి గుడ్డ తీసింది. నెమ్మదైన మనిషి, ఏం కుట్టినా ఏమీ అనడని చెల్లెలు ధైర్యం చెప్పింది. మరిది పాత చొక్కా ఒకటి పక్కన పరుచుకుని, చూస్తూ చూస్తూ కత్తిరించింది. కాలరు మాత్రం ఎంత అందంగా వచ్చిందంటే దాన్ని గోడకు తగిలించి చూసుకోవచ్చు. కానీ చేతులు రెండూ ఒకే వైపు మడతేసి కత్తిరించింది. కుట్టడం అయ్యాక చూసుకుంటే చొక్కాకు రెండూ ఎడమ చేతులే.

మాస్టారు దాన్ని అలాగే వేసుకున్నారు. దీవిలో గుడ్డ పారేసే అలవాటు లేదు, కొత్తది రావాలంటే మళ్ళీ పడవ రావాలి. కుడిచెయ్యి ముందుకు చాపితే వీపు పట్టేసేది. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే చొక్కా మొత్తం లేచి బొడ్డు కనబడేది. పిల్లలు కిలకిలా నవ్వడంతో ఆయన బోర్డు కింది సగంలోనే రాయడం మొదలుపెట్టారు. నాలుగు రోజుల్లో సంగతి దీవంతా పాకింది. గుడ్డ చుట్టలు ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళిపోయాయి. కొట్టు పెద్దమ్మ అయితే మొహం మీదే, "నా రవికకు రెండు వీపులు పెట్టకముందే ఇటిచ్చెయ్ తల్లీ" అని పట్టుకుపోయింది.

ఫ్యాక్టరీలో కూడా ఎప్పుడైనా తప్పు పడేది. చెడిపోయిన కాలరును పక్క బుట్టలో పడేస్తే సాయంత్రానికి ఎవరో ఎత్తుకుపోయేవాళ్ళు, దాన్ని మళ్ళీ చూసే పని ఉండేది కాదు. ఇక్కడ తప్పు రోజూ పొద్దున్నే ఎదురొచ్చి, "ఏమ్మా, బాగున్నావా?" అని పలకరిస్తోంది. మాస్టారు కనబడితే ఆమె సందు మళ్ళిపోయేది. కానీ దీవికి ఉన్నదే రెండు సందులు. ఒకరోజు చేపలు ఎండబెట్టే చోట ఇద్దరూ ఎదురెదురు పడ్డారు.

"ఆ చొక్కా విప్పి ఇవ్వండి మాస్టారూ, సరిచేస్తాను" అంది నేల చూస్తూ.

"సరిచెయ్యడం వచ్చా?"

"రాదు" అంది. ఆ దీవిలో ఇంటి బయట ఆమె చెప్పిన మొదటి నిజం అది.

"వచ్చాక అడుగు, ఇస్తాను" అన్నారాయన. "అందాకా నాకిది బాగానే ఉంది. ఈ వయసులో చెయ్యి పైకెత్తి చేసే పనులు నాకేం ఉన్నాయి?"

ఆ మధ్యాహ్నం ఆమె మరిది పాత చొక్కాను కుట్టు కుట్టుగా విప్పేసింది. ముక్కలన్నీ నేల మీద పరిచింది. జేబు ముక్క చేతిలోకి తీసుకోగానే జేబు పిన్ని గుర్తొచ్చింది. ఆవిడ మిషను తొక్కుతూ పెదాలు కదిలించేది. పాడేదో, తిట్టుకునేదో. కాజాల పట్టీ చూస్తే కాజాల పిల్ల. ఆ పిల్ల ఒక నెల రోజులు కళ్ళు వాచి వచ్చేది, ఎందుకో ఎవరూ అడగలేదు. అడగనివాళ్ళలో తనూ ఉంది. చేతుల ముక్క, భుజాల ముక్క, అడుగు మడత. పాతికమంది ఆడవాళ్ళు ఆ నేల మీద ముక్కలై పరుచుకుని ఉన్నారు. అన్నేళ్ళు వాళ్ళ పక్కనే కూర్చుని, ఒక్కళ్ళ ఇంటి గడప కూడా తొక్కలేదు. ఆమె ఆ ముక్కల మధ్య కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఒక్కో ముక్కనూ పాత కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసుకుంది.

అలా విప్పుతూ, కుడుతూ, మళ్ళీ విప్పుతూ ఏడాది తిరిగేసరికి చొక్కా మొత్తం కుట్టడం నేర్చుకుంది. ఆపైన గౌన్లు, బడి పిల్లల దుస్తులు, పడవ తెరచాపకు అతుకులు. కొట్టు పెద్దమ్మ రవిక గుడ్డ మళ్ళీ తెచ్చింది. తెచ్చేముందు దీవిలో నాలుగిళ్ళు తిరిగి వాకబు చేసిందనుకోండి, అది వేరే సంగతి.

పని కుదిరింది కానీ ప్రాణం కుదుటపడలేదు. ఎవరి దగ్గరికని అంత సముద్రం దాటి వచ్చిందో ఆ చెల్లెలే చేతికి అందలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ కూర్చునేవాళ్ళు. చెల్లెలికి మాటలకు కొదవ లేదు, కానీ అన్నీ ఒకే దాని చుట్టూ తిరిగేవి.

"అక్కా, మన సందు చివర మిఠాయి దుకాణం ఉండేది, ఉందా ఇంకా?"

"గమనించలేదే."

"నది మీద కొత్త వంతెన కట్టారటగా? రాత్రిపూట దీపాలతో ధగధగా మెరుస్తుందట."

"అటువైపు పోలేదు."

"సినిమా హాళ్ళు ఎన్నున్నాయి ఇప్పుడు?"

"తెలీదు."

ఒకరోజు చెల్లెలు చేతిలో గరిటె నేలకేసి కొట్టింది. "అంత ఊళ్ళో ఉండి ఏం చేశావక్కా నువ్వు?"

"నిన్ను పెంచాను."

"నేను వచ్చేశాక?"

కాలరక్క నేల మీది గరిటె తీసి పొయ్యి పక్కన పెట్టింది. చెల్లెలు కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నువ్వు వదిలేసి వచ్చిన ఆ ఊరి కోసం నేనిక్కడ ఏడవని రోజు లేదు. ఈయన మంచివాడు, కాదనను. కానీ ఎటు నడిచినా చివరికి నీళ్ళే. ఎవరింట్లో ఏం వండారో, ఎవరు ఎవరి మీద అలిగారో, అవే మొహాలు, అవే మాటలు. కొత్త మనిషి మొహం చూసి ఎన్నేళ్ళయిందో! నువ్వొస్తే ఆ ఊరిని కాస్త వెంట తెస్తావనుకున్నాను. నువ్వేమో ఉత్త చేతులతో వచ్చావు."

గోడ అవతల వల అల్లుకుంటున్న మరిది ఇదంతా విన్నాడు. సాయంత్రం కాలరక్కతో మెల్లగా అన్నాడు: "దూరపు కొండలు నునుపంటారు వదినా. మాకు ఉన్నది ఒక్కటే కొండ. రోజూ ఎక్కి దిగేదే, అందుకే అది మీ చెల్లెలికి ఎప్పటికీ నునుపు కాలేదు."

ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకోలేదు. పోట్లాడుకోకపోవడం ఇంకా బరువుగా ఉండేది. కాలరక్క కిటికీ పక్కన మిషను వేసుకుని కూర్చునేది. దారిన పోయే ప్రతివాళ్ళూ తల లోపలికి పెట్టి ఏదో ఒకటి అడిగేవాళ్ళు. ఆమె "ఆఁ" అనేది, "ఊఁ" అనేది. దీవి మనుషులకు తీరిక ఎక్కువ కాబట్టి మూడోసారి, నాలుగోసారి కూడా పలకరించేవాళ్ళు. కానీ నాలుగోసారికి ఏం చెప్పాలో ఆమెకు తోచేది కాదు.

ఇంకొన్నేళ్ళకు మరిది కళ్ళకు మసకలు కమ్మాయి. రేవు దగ్గర నీళ్ళలో దాగిన రాయి ఒకటుంది. ఒకనాడు పడవను దాని మీదికే తోలుకొచ్చాడు. అందరూ ఈదుకుంటూ బయటపడ్డారు గానీ అతనికి ధైర్యం చచ్చిపోయింది. దీవిలో డాక్టరు లేడు. పెద్ద దేశం పోయి, ఆపరేషన్లు చేయించుకుని, చాలాకాలం అక్కడే ఉండాలన్నారు. చెల్లెలు మొగుడి కోసం బాధపడుతూనే పెట్టె సర్దింది. ఆ సర్దే చేతుల్లో ఉన్న తొందర అక్క కంటపడకుండా దాచలేకపోయింది.

"నువ్వూ రా అక్కా. ఇక్కడ నీకెవరున్నారు?"

"బడి తెరుస్తారు, పిల్లల బట్టలు కుట్టాలి. మీరు పోయి రండి" అంది కాలరక్క. అది సాకని ఇద్దరికీ తెలుసు.

దీవిలో ఉన్న ఒక్క ఫోనూ కొట్టులోనే ఉండేది. ఫోను మాట్లాడటం అంటే కొట్టు పెద్దమ్మ వింటుండగా, ఉప్పూ పప్పూ కొనడానికి వచ్చినవాళ్ళు వింటుండగా మాట్లాడటమే. చెల్లెలు ఫోను చేసి గుక్క తిప్పుకోకుండా చెప్పేది: తెలిసిన చిరునామా అదొక్కటే కాబట్టి నేరుగా పాత మేడకే వెళ్ళారట. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు మూడో అంతస్తులో వాళ్ళ పాత గదే ఖాళీగా ఉందట. తనకు చేపల దుకాణంలో పని దొరికిందట. కింది వీధి అంతా అప్పుడే చుట్టాలైపోయారట.

"ఆ గదిలోనా?" అని మాత్రం అడిగింది కాలరక్క.

మరిది రెండో కంటి ఆపరేషనుకు చెల్లెలికి తోడుగా ఉండాల్సి వచ్చి ఆమె ఓడెక్కింది. మేడ మెట్లు ఎక్కుతుంటే అవే మెట్లు, అదే చెమ్మ వాసన. మూడో అంతస్తు చేరేసరికి ఆమె అడుగు ఆగిపోయింది. గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నుంచి నవ్వులు. తన గదిలో అంతమంది ఎప్పుడూ పట్టరనుకుంది, పట్టారు. కంటికి కట్టుతో మంచం మీద మరిది, చుట్టూ ఎవరెవరో, మధ్యలో చెల్లెలు. ఏళ్ళ తర్వాత ఆ మొహంలో మళ్ళీ ఆ చిన్నప్పటి వెలుగు.

"మా అక్క! దీవి నుంచి వచ్చింది" అని అందరికీ చూపించింది చెల్లెలు.

అందరూ పోయాక కూడా ఒకావిడ ఉండిపోయింది. కాలరక్క ఈడుదే, పొట్టిగా, గలగలమంటూ ఉంది. ఎదురు తలుపు ఆవిడ. టీ ఆవిడే పెట్టి తెచ్చింది.

"మీ చెల్లెలు వచ్చాక ఈ వరండాకు ప్రాణం వచ్చిందమ్మా. ఇదివరకు, నేనీ మేడకు వచ్చేనాటికే, ఈ గదిలో ఒకావిడ ఒక్కతే ఉండేది, ఏళ్ళ తరబడి. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

దీవి నుంచి వచ్చామని మాత్రమే అందరికీ చెప్పుకున్న చెల్లెలు ఏదో అనబోయింది. కాలరక్క కళ్ళతోనే ఆపింది. "ఎలా ఉండేదావిడ?" అని అడిగింది.

"ఏమోనమ్మా, తలొంచుకుని పోయేది, మొహం కూడా సరిగా చూసిన గుర్తు లేదు. పొద్దున ఒకసారి చెప్పుల చప్పుడు, సాయంత్రం ఒకసారి చెప్పుల చప్పుడు. మా ఆయన పోయినప్పుడు వారం రోజులు నేను ఏడుస్తూనే ఉన్నాను. ఈ తలుపు ఒక్కసారి తెరుచుకుంటుందేమోనని చూశాను. తెరుచుకోలేదు. మనుషులంటే పడని మనిషేమో, ఎవరి తీరు వాళ్ళది."

టీ చల్లారిపోతోంది. కాలరక్కకు ఆ వారం గుర్తుంది. ఎదురు తలుపు వెనక నుంచి ఏడుపు వినబడేది. అప్పుడామె మంచం మీద లేచి కూర్చుని, వెళ్ళాలా వద్దా, వెళ్ళి ఏమనాలి అని ఆలోచించేది. ఏమనాలో తేలకముందే ఏడుపు ఆగిపోయింది.

"ఆ చెప్పులు నావే" అంది.

ఎదురు తలుపు ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. మొహం ఎర్రబడింది. "అయ్యో... నా నోటికి తాళం పడ! ఏమీ అనుకోకమ్మా."

"మీరు అన్నదాంట్లో అబద్ధం లేదు. నాకు వినబడింది. రాలేకపోయాను."

ఆవిడ గ్లాసు కింద పెట్టి అంది: "నేనైనా కొట్టాల్సింది తలుపు. నాలుగడుగులేగా."

"కొట్టినా తీసేదాన్ని కాదేమో" అంది కాలరక్క. ఆవిడ చల్లారిన టీ తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చింది.

మరిది కంటికట్టు విప్పే దాకా కాలరక్క అక్కడే ఉంది. ఆ రోజుల్లో చెల్లెలు ఆమెను వంతెన దగ్గరికి తీసుకెళ్ళింది, మిఠాయి దుకాణానికి తీసుకెళ్ళింది. కూరలమ్మే ఆవిడ, టిక్కెట్లిచ్చే అతను, మెట్ల కింద పడుకునే కుక్క, అన్నీ చెల్లెల్ని గుర్తుపట్టేవి. తను పాతికేళ్ళు నడిచిన వీధిలో తను చెల్లెలి వెనక కొత్తమనిషిలా నడిచింది. ఇన్నాళ్ళూ తప్పు ఆ ఊరిదనే అనుకుంది. దీవికి పోయాక తప్పు దీవిదనుకుంది. అదే గది, అదే కిటికీ, అదే ఎదుటి గోడ. చెల్లెలికి అందులో చోటు చాలడం లేదు. ఇంక తప్పు ఎవరి మీద వెయ్యాలో ఆమెకు తెలియలేదు.

వెళ్ళేరోజు చెల్లెలు చెయ్యి వదల్లేదు. "మేం ఇక తిరిగి రామక్కా. ఈయనకు ఇక్కడే పడవల షెడ్డులో పని చూశారు. నువ్వొక్కదానివే అక్కడేం చేస్తావు? ఇక్కడుండు. నేనున్నాను, ఎదురింటావిడ ఉంది."

"నువ్వుంటే నువ్వే మాట్లాడతావు. నేను మళ్ళీ కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను" అంది కాలరక్క.

"మరి అక్కడ?"

"అక్కడ నా బదులు మాట్లాడేవాళ్ళు లేరు."

చెల్లెలికి అర్థం కాలేదు. మరిది, కళ్ళు చికిలిస్తూ, "పోనీవే, ఆవిడ లెక్క ఆవిడకుంటుంది" అన్నాడు.

దీవిలో దిగేసరికి వాన వెలిసింది. రేవులో ఆమె కోసం ఎవరూ రాలేదు. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు కూడా. ఇల్లు తాళం తీస్తే చెమ్మ, బూజు. మిషను మీద సన్నగా తుప్పు. చెల్లెలి గరిటెలు గోడకు అలాగే వేలాడుతున్నాయి. పొయ్యి వెలిగించి, గంజి కాచుకుని తాగి, గిన్నె కడిగి బోర్లించింది. ఆ గిన్నె చప్పుడు ఇల్లంతా తిరిగి వచ్చింది. ఇంక చెయ్యడానికి పనేమీ లేదు. పొద్దు ఇంకా చాలా ఉంది.

చెప్పులేసుకుని బయటికొచ్చింది. మూడిళ్ళ ముందు నుంచి నడిచింది, ఏ ఇంటి ముందూ ఆగలేకపోయింది. నాలుగోది కొట్టు. కొట్టు పెద్దమ్మ బియ్యం బస్తాకు ఆనుకుని కునికిపాట్లు పడుతోంది. అలికిడికి కళ్ళు తెరిచింది.

"ఎప్పుడొచ్చావు?"

"ఇందాక."

"చెల్లెలేది?"

"ఇంక రారు."

పెద్దమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. "ఫోను చెయ్యాలా?"

"వద్దు."

"మరేం కావాలి? దారమా? సూదులు నిండుకున్నాయి, పడవ రావాలి."

"ఏమీ వద్దు."

"ఏమీ వద్దంటే ఎందుకొచ్చావు మరి?"

కాలరక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఆఁ" అనబోయింది. అది ఈ ప్రశ్నకు సరిపోదు.

"ఊరికే వచ్చాను పెద్దమ్మా."

"ఊరికే అయితే కూర్చో" అంది పెద్దమ్మ, బల్ల మీద ఉల్లిపాయల బుట్ట కిందికి దించుతూ.

కూర్చుంది. ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏమీ తోచలేదు. చూరు నుంచి వాన నీళ్ళు ఒక్కొక్క బొట్టే పడుతున్నాయి. పెద్దమ్మకు మళ్ళీ కునుకు పట్టింది. కాలరక్క లేచి పోలేదు.